బైక్‌లో ఇంజిన్ లైట్ ఆరడం లేదా? ఆ కోడ్ వెనుక 140 ఏళ్ల కథ.. ఎవరీ రాబర్ట్ బాష్?

కీ తిప్పగానే మీటర్‌లో పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలుగుతుంది. బండి స్టార్ట్ అయ్యాక అది ఆరిపోవాలి. ఆరలేదంటే బండిలో ఏదో లోపం ఉందని అర్థం. మెకానిక్ సీటు తీసి, లోపలి కనెక్టర్‌కు చిన్న స్కానర్ తగిలిస్తాడు. తెరపై పి0351 అని వస్తుంది. ఇగ్నిషన్ కాయిల్ సర్క్యూట్‌లో లోపం అని దాని భావం. అంటే గొడవంతా స్పార్క్ దగ్గరే.

ఆ స్పార్క్‌ను మోటారు బండ్లకు నమ్మకంగా అందించిన మనిషి రాబర్ట్ బాష్. ఆయన 1942లోనే చనిపోయారు. స్కానర్‌ను చూడలేదు, ఎర్రర్ కోడ్ అనే మాట కూడా విని ఉండరు. కానీ పార్టు మార్చే ముందు పరీక్షించాలనే పద్ధతి ఆయన వర్క్‌షాప్‌లో మొదటి నుంచీ ఉంది. ఇవాళ కోడ్ చూడగానే వేల రూపాయల పార్టు మార్చేస్తున్న రోజుల్లో ఆ జీవితం ఒకసారి చూడాల్సిందే.

పూటకూళ్ల ఇంట్లో 11వ బిడ్డ

1861 సెప్టెంబర్ 23. దక్షిణ జర్మనీలో ఉల్మ్ నగరం దగ్గర ఆల్బెక్ అనే పల్లె. ఆ ఊళ్లో పూటకూళ్ల ఇల్లు నడుపుతూ వ్యవసాయం చేసే కుటుంబంలో రాబర్ట్ పుట్టారు. 12 మంది పిల్లల్లో ఆయన 11వ వాడు. తండ్రి సెర్వేషియస్‌కు చదువంటే గౌరవం. పిల్లలకు ఆస్తితో పాటు చదువూ ఇవ్వాలనుకున్న మనిషి.

స్కూలు చదువు అయ్యాక ఉల్మ్‌లోనే ఓ ప్రెసిషన్ మెకానిక్ దగ్గర రాబర్ట్ పనికి కుదిరారు. 1876 నుంచి 1879 దాకా అక్కడే. అయితే ఆ మేస్త్రి శిష్యుడికి పెద్దగా ఏమీ నేర్పలేదు. ఆ అసంతృప్తి రాబర్ట్ మనసులో చాలా ఏళ్లు ఉండిపోయింది. తర్వాత ఆయన చేసిన ఓ పెద్ద పనికి బీజం అక్కడే పడింది.

ఆ తర్వాత జర్మనీలో పలు చోట్ల పనిచేశారు. స్టుట్‌గార్ట్‌లోని సాంకేతిక కళాశాలలో కొన్ని నెలలు పాఠాలు విన్నారు. 1884లో అమెరికా వెళ్లి, న్యూయార్క్‌లో థామస్ ఎడిసన్ కంపెనీలో పనిచేశారు. అక్కడి నుంచి ఇంగ్లండ్‌కు వచ్చి సీమెన్స్ బ్రదర్స్‌లో చేరారు. అప్పట్లో కరెంటు అంటే కొత్త వింత. ఆ వింతను చేత్తో పట్టుకుని నేర్చుకున్నారాయన.

ఒక మెకానిక్, ఒక పనికుర్రాడు

1886 నవంబర్ 15న స్టుట్‌గార్ట్‌లో రాబర్ట్ సొంత వర్క్‌షాప్ తెరిచారు. వయసు 25. పెట్టుబడి 10,000 మార్కులు, అదీ ఎక్కువగా తండ్రి నుంచి వచ్చిన వాటా. పక్కన ఒక మెకానిక్, ఒక పనికుర్రాడు. టెలిఫోన్లు బిగించడం, కరెంటు గంటలు పెట్టడం, ఏ పని దొరికితే ఆ పని.

మరుసటి ఏడాది ఓ కస్టమర్ వచ్చి, ఒక చోట కదలకుండా ఉండే గ్యాస్ ఇంజిన్‌కు మాగ్నెటో కావాలని అడిగారు. డాయిట్జ్ కంపెనీ ఇంజిన్‌కు అలాంటిది ఉందని చెప్పడంతో రాబర్ట్ షోర్న్‌డార్ఫ్ అనే ఊరు వెళ్లి దాన్ని చూసొచ్చారు. దానికి పేటెంట్ అడ్డు లేదని తేలాక, తనదైన మార్పులతో మరింత మెరుగ్గా తయారుచేశారు.

మాగ్నెటో అంటే మరేమీ కాదు. అయస్కాంతం, దాని మధ్యలో రాగి తీగ చుట్టిన ఆర్మేచర్. ఇంజిన్ తిరిగే ఊపుతోనే కరెంటు పుడుతుంది, ఆ కరెంటుతో సిలిండర్‌లో నిప్పు రవ్వ పుడుతుంది. బ్యాటరీ అక్కర్లేదు. మన పాత బండ్లకు బ్యాటరీ డౌన్ అయినా కిక్ కొడితే స్టార్ట్ అయ్యేది ఇందుకే. మెకానిక్‌లు ఇప్పటికీ మాగ్నెట్ కాయిల్ అంటుంటారు కదా.. ఆ మాట వేర్లు ఇక్కడే ఉన్నాయి.

మొదటి పదేళ్లు మాత్రం చుక్కలు చూపించాయి. ఆర్డర్లు ఉంటే పని, లేకపోతే అప్పులు. ఒక దశలో ఉన్న పనివాళ్లలో చాలామందిని పంపించేయాల్సి వచ్చింది. అయినా పని నాసిగా చేసి డబ్బు మిగుల్చుకునే దారి ఆయన పట్టలేదు. డబ్బు పోయినా పర్వాలేదు, నమ్మకం పోకూడదన్నది ఆయన లెక్క.

మూడు చక్రాల బండి పెట్టిన పరీక్ష

కట్ చేస్తే 1897. ఫ్రెడరిక్ సిమ్స్ అనే వ్యాపారి ఓ విచిత్రమైన కోరికతో వచ్చారు. ఫ్రాన్స్‌లో తయారైన డి డియాన్ బూటన్ మోటారు ట్రైసికిల్‌కు బాష్ మాగ్నెటో బిగించాలి. చూడ్డానికి సైకిల్‌కు ఇంజిన్ తగిలించినట్టే ఉండే బండి అది. మోటార్‌సైకిల్‌కు దగ్గరి చుట్టం.

చిక్కు ఎక్కడంటే.. ఒకే చోట నిలబడే ఇంజిన్లు మెల్లగా తిరుగుతాయి. ఈ చిన్న ఇంజిన్ వాటికన్నా ఎన్నో రెట్లు వేగంగా తిరుగుతుంది. బాష్ మాగ్నెటోలోని బరువైన ఆర్మేచర్ ఆ వేగాన్ని అందుకోలేదు. వర్క్‌షాప్ ఫోర్‌మన్ ఆర్నాల్డ్ జారింగర్‌కు ఉపాయం తట్టింది. బరువైన ఆర్మేచర్‌ను కదలకుండా ఉంచి, దాని చుట్టూ తేలికైన లోహపు తొడుగును మాత్రం ఆడించారు. అంతే.. స్పార్క్ ఇంజిన్ వేగాన్ని అందుకుంది.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. మాగ్నెటో పనికిరాదని మొత్తం పక్కన పడేయలేదు. ఏ భాగం వేగాన్ని అడ్డుకుంటోందో కనిపెట్టి, దాన్నే మార్చారు. లోపం వెతకడం అంటే అదే.

స్పార్క్ ప్లగ్‌తో తిరిగిన దశ

ఆ మొదటి పద్ధతిలో ఇంకో ఇబ్బంది ఉంది. సిలిండర్ లోపల కదిలే కాంటాక్ట్‌లు, వాటిని లాగే కడ్డీలు.. అవి అరిగిపోయేవి, మాటిమాటికీ సర్దాల్సి వచ్చేది. దీనికి మందు కనిపెట్టే పనిని రాబర్ట్ తన ఇంజినీర్ గాట్లాబ్ హోనాల్డ్‌కు అప్పగించారు. 1902లో హోనాల్డ్ హై వోల్టేజ్ మాగ్నెటోను, దానికి సరిపోయే స్పార్క్ ప్లగ్‌ను సిద్ధం చేశారు. ఇక సిలిండర్ లోపల కదిలే భాగమే లేదు. ఎక్కువ వోల్టేజ్ కరెంటు ప్లగ్ చివర ఖాళీని దూకుతుంది, అంతే.

నేటి బైకుల్లోనూ సూత్రం ఇదే. కాకపోతే మాగ్నెటో పనిని ఇగ్నిషన్ కాయిల్ చేస్తోంది, స్పార్క్ ఎప్పుడు పడాలో ఈసీయూ నిర్ణయిస్తోంది. క్రాంక్ ఎక్కడుందో చెప్పే సెన్సర్ మాట వినకపోతే ఈసీయూకు టైమింగ్ తెలియదు. అప్పుడు వచ్చే కోడ్ పి0335.

బాష్ కంపెనీ గుర్తు చూసే ఉంటారు. ఒక వలయం, అందులో విచిత్రమైన ఆకారం. అది మాగ్నెటోలోని ఆర్మేచర్ బొమ్మే. దాన్ని గీసింది కూడా హోనాల్డే, 1918లో.

8 గంటల పని.. ఆ తర్వాత సమ్మె

1906లో కంపెనీ లక్షో మాగ్నెటోను తయారుచేసింది. అదే ఏడాది రాబర్ట్ తన ఫ్యాక్టరీలో రోజుకు 8 గంటల పని విధానం తెచ్చారు. జర్మనీలో ఆ పని చేసిన తొలి యజమానుల్లో ఆయన ఒకరు. తోటి పారిశ్రామికవేత్తలకు ఇది నచ్చలేదు. అయితే అలసిపోయిన చేతులు కచ్చితమైన పని చేయలేవన్నది ఆయనకు అనుభవం నేర్పిన సంగతి.

1913లో ఫ్యాక్టరీలోనే కుర్రాళ్లకు పని నేర్పే ప్రత్యేక విభాగం పెట్టారు. తనకు నేర్పని మేస్త్రిని ఆయన మర్చిపోలేదు మరి. తను పడ్డ లోటు తన దగ్గర చేరిన కుర్రాళ్లకు ఉండకూడదనుకున్నారు.

అంతా సాఫీగా సాగిందనుకుంటే పొరపాటే. అదే 1913లో ఆయన ఫ్యాక్టరీలోనే పెద్ద సమ్మె జరిగింది. కార్మికుల మనిషిగా పేరున్న యజమాని, చివరికి యజమానుల సంఘంలో చేరారు. మరుసటి ఏడాది మొదటి ప్రపంచ యుద్ధం. అప్పటికి అమ్మకాల్లో అత్యధిక భాగం విదేశాల్లోనే. ఆ మార్కెట్లు పోయాయి, అమెరికాలోని ఆస్తులను అక్కడి ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. యుద్ధంలో వచ్చిన లాభాన్ని ఉంచుకోవడం ఇష్టం లేక నెకర్ నదిపై కాలువ పనుల కోసం పెద్ద మొత్తం విరాళం ఇచ్చారు.

కొడుకు పోయిన ఏడాది

ఆయనకూ కొడుక్కూ ఒకటే పేరు, రాబర్ట్. కంపెనీ పగ్గాలు ఆ అబ్బాయికే అని తండ్రి ఆశ. కానీ నరాల జబ్బుతో ఏళ్ల తరబడి మంచంపై ఉండి, 1921లో చనిపోయాడు. 30 ఏళ్లకే వారసుడు పోయాడు. వేల మాగ్నెటోల లోపాలు సరిచేసిన తండ్రి, కొడుకు విషయంలో ఏమీ చేయలేకపోయారు. తర్వాత కొన్నేళ్లకు మొదటి వివాహం కూడా ముగిసింది. 1927లో మళ్లీ పెళ్లి చేసుకున్నారు, ఇద్దరు పిల్లలు పుట్టారు.

ఆ 1921లోనే మరో సంగతి జరిగింది. హాంబర్గ్‌లో తొలి బాష్ సర్వీస్ సెంటర్ తెరుచుకుంది. పార్టు అమ్మి చేతులు దులుపుకోకుండా.. దాన్ని బిగించడం, పరీక్షించడం, రిపేర్ చేయడం తెలిసిన చోటు. వస్తువుతో పాటు దాన్ని బాగుచేసే తెలివి కూడా ఊరూరా ఉండాలన్న ఆలోచన అది. 1927లో డీజిల్ ఇంజెక్షన్ పంపు వచ్చాక ఆ అవసరం ఇంకా పెరిగింది.

నాజీల నీడలో..

రాబర్ట్ జీవితంలో అన్నిటికన్నా కష్టమైన అధ్యాయం ఇది. ఆయనకు హిట్లర్ విధానాలు నచ్చలేదు. పదవి నుంచి తప్పుకున్న నాజీ వ్యతిరేక నాయకుడు కార్ల్ గోర్డెలర్‌ను 1937లో కంపెనీ సలహాదారుగా పెట్టుకున్నారు. ఆ ముసుగులోనే గోర్డెలర్ హిట్లర్ వ్యతిరేకులను కూడగట్టారు. యూదులను దేశం దాటించడానికి కంపెనీ పెద్దలు డబ్బు సాయం చేశారు. అందులో ముందున్న హాన్స్ వాల్ట్స్‌ను ఇజ్రాయెల్ ఆ తర్వాత గౌరవించింది.

నాణేనికి రెండో వైపు కూడా ఉంది. అదే కంపెనీ హిట్లర్ సైన్యానికి కావాల్సిన సరుకు తయారుచేసింది. యుద్ధ కాలంలో వేలాది మందితో బలవంతంగా పని చేయించింది. 8 గంటల పని తెచ్చిన ఫ్యాక్టరీలోనే ఇదీ జరిగింది. ఒకటి చూపించి రెండోది దాచేస్తే అది జీవిత చరిత్ర అనిపించుకోదు. ఇంజిన్ లైట్‌పై టేపు అంటించడం లాంటిదే అది.

1940లో స్టుట్‌గార్ట్‌లో తన పేరిట ఆసుపత్రి కట్టించారు. 1942 మార్చి 12న, 80 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన ఇష్టపడని ప్రభుత్వమే అధికార లాంఛనాలతో అంత్యక్రియలు జరిపింది. ఆయన వీలునామా ప్రకారం, కంపెనీ వాటాల్లో 90 శాతానికి పైగా ఇప్పుడు సేవా సంస్థ చేతిలో ఉన్నాయి.

ఆయన చూడని కోడ్

ఆయన పోయాక కంపెనీ స్పార్క్ నుంచి కంప్యూటర్ వైపు నడిచింది. 1979లో ఇంధనాన్నీ స్పార్క్‌నూ ఒకే కంప్యూటర్ నడిపే మోట్రానిక్ వ్యవస్థ బీఎండబ్ల్యూ కారులో వచ్చింది. 1983లో బీఎండబ్ల్యూ కె100 మోటార్‌సైకిల్‌కు బాష్ ఫ్యూయల్ ఇంజెక్షన్ అమరింది. ఈసీయూలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేలా కేవలం రెండు తీగలతో పనిచేసే క్యాన్ పద్ధతిని 1986లో బాష్ ఇంజినీర్లు ప్రకటించారు. నేడు ఏబీఎస్, మీటర్, ఇంజిన్ మాట్లాడుకునేది చాలా బైకుల్లో ఆ భాషలోనే.

మరోవైపు పొగ కాలుష్యంపై అమెరికాలో నిబంధనలు బిగిశాయి. లోపాన్ని బండే గుర్తించి, రాసి పెట్టుకోవాలన్నారు. 1996 మోడల్ కార్ల నుంచి అక్కడ ఓబీడీ-2 తప్పనిసరి అయింది. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 రావడంతో టూవీలర్లకూ ఓబీడీ తొలి దశ వచ్చింది.

కోడ్‌ను ఎలా చదవాలి?

మొదటి అక్షరం ఏ విభాగమో చెప్తుంది. పి అంటే ఇంజిన్, సి అంటే బ్రేకులు, చాసిస్. బి అంటే బాడీ. యు అంటే ఈసీయూల మధ్య మాట పడిపోయిందని. దాని తర్వాత 0 ఉంటే అన్ని కంపెనీలకూ ఒకటే అర్థం. 1 ఉంటే ఆ కంపెనీ సొంత కోడ్, వాళ్ల సర్వీస్ మాన్యువల్ చూడాల్సిందే. తర్వాతి అంకె 3 అయితే ఇగ్నిషన్ లేదా మిస్‌ఫైర్ గొడవ. చివరి రెండు అంకెలు కచ్చితమైన లోపం. స్కానర్ లేని కొన్ని బండ్లలో లైట్ మిణుకులు లెక్కపెట్టాలి. పొడవు మిణుకు పది, పొట్టి మిణుకు ఒకటి అని లెక్కించే మోడళ్లు ఉన్నాయి.

అసలు సంగతి ఇది.. కోడ్ చెప్పేది పార్టు పేరు కాదు, సర్క్యూట్ పేరు. పి0351 అంటే కాయిల్ కాలిపోయిందని కాదు. కాయిల్, దాని కప్లర్, తీగ, ఈసీయూ.. ఈ దారిలో ఎక్కడో తేడా ఉందని.

పార్టు కొనే ముందు ఈ పరీక్షలు

ముందుగా బ్యాటరీ. బండి ఆపి కాసేపు ఉంచాక మల్టీమీటర్‌లో 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. ఇంజిన్ నడుస్తుంటే 14 వోల్టుల దగ్గరికి రావాలి. బ్యాటరీ బలహీనమైతే ఒకేసారి నాలుగైదు కోడ్‌లు వస్తాయి. వాటిలో పి0562, అంటే సిస్టమ్ వోల్టేజ్ తక్కువ అని ఉంటే, మిగతావి పక్కన పెట్టి మొదట దీన్ని చూడాలి.

తర్వాత కప్లర్లు. ప్రెషర్ వాటర్‌తో కడిగించిన మర్నాడే లైట్ వెలిగితే, కప్లర్‌లో తేమ చేరిందేమో చూడాలి. పిన్నుపై పచ్చటి తుప్పు, వెనక్కి జారిన పిన్ను, హ్యాండిల్ తిప్పే చోట ఒరుసుకున్న తీగ.. మామూలుగా దొరికే దొంగలు ఇవే. హ్యాండిల్‌ను ఎడమకూ కుడికీ తిప్పినప్పుడు ఇంజిన్ ఆగిపోతే, తీగ మీదే అనుమానం.

ఆపై కొలత. కీ ఆన్ చేసి కాయిల్ దగ్గరికి వోల్టేజ్ వస్తోందా? కీ ఆఫ్ చేసి, కప్లర్ ఊడదీసి, కాయిల్ రెసిస్టెన్స్ మాన్యువల్‌లో చెప్పినట్టు ఉందా? తీగ ఈసీయూ వరకు తెగకుండా వెళ్తోందా? ఈ మూడూ చూసి, కాయిల్ తప్పని తేలాకే కాయిల్ మార్చాలి. పాత అలవాటుతో ప్లగ్ ఊడదీసి గాల్లో పెట్టి సెల్ఫ్ కొట్టడం మాత్రం వద్దు. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లలో షాక్‌తో పాటు ఈసీయూ పోయే ప్రమాదం ఉంది.

పి0131 వస్తే ఆక్సిజన్ సెన్సర్ వోల్టేజ్ తక్కువ అని. సెన్సర్ పోయి ఉండొచ్చు. సైలెన్సర్ జాయింట్‌లో గాలి లీక్ ఉన్నా, పెట్రోల్ ప్రెషర్ తక్కువైనా ఆ సెన్సర్ అదే మాట చెప్తుంది. నిజం చెప్పిన సెన్సర్‌ను తీసి పారేస్తే ఖర్చే తప్ప లైట్ ఆరదు.

యు కోడ్‌లు వస్తే క్యాన్ తీగలు చూడాలి. బ్యాటరీ తీసేసి, ఆ రెండు తీగల మధ్య కొలిస్తే 60 ఓమ్‌ల దగ్గర రావాలి. రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉంటాయి కాబట్టి. 120 వస్తే ఒక చివర తెగినట్టే.

రిపేర్ అయ్యాక కోడ్ చెరిపి, బండి కొంత దూరం నడిపి మళ్లీ స్కాన్ చేయాలి. కోడ్ తిరిగి రాకపోతేనే పని అయినట్టు. ఇంకోటి.. కోడ్ లేదంటే లోపం లేదని కాదు. మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్‌కో, బిగుసుకున్న వాల్వ్‌కో చాలాసార్లు కోడే రాదు.

మన మెకానిక్‌లకు తెలిసిన పేరు

మన దగ్గర పాత తరం మెకానిక్‌లకు బాష్ కన్నా మైకో అంటేనే బాగా తెలుసు. బాష్ భాగస్వామ్యంతో 1951లో మొదలైన ఆ కంపెనీ బెంగళూరు కేంద్రంగా ఎదిగింది. బండి మిస్సింగ్ కొడితే మైకో ప్లగ్ మార్చమని చెప్పడం ఒకప్పుడు మామూలు. 2008లో దాని పేరు బాష్ లిమిటెడ్ అయింది.

ప్లగ్ తీసి, రంగు చూసి ఇంజిన్ ఆరోగ్యం చెప్పిన ఆ మెకానిక్‌ల చేతిలోకి ఇప్పుడు స్కానర్ వచ్చింది. స్కానర్ వేగంగా చెప్తుంది, కానీ సగమే చెప్తుంది. మిగతా సగం మల్టీమీటర్, ఓపిక, నేర్పిన గురువు చెప్పాలి. సరిగ్గా పని నేర్పని మేస్త్రి దగ్గర మూడేళ్లు గడిపిన ఆల్బెక్ కుర్రాడికి ఈ సంగతి అందరికన్నా ముందే అర్థమైంది.